లూబ్‌సైజర్ ఎంపిక: నాలుగు రివాల్వర్లు, రెండు లీవర్ రైఫిళ్లు, ఒక .45-70

ఇంట్లో సీసం కరిగించి బుల్లెట్లు పోసుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ మెషిన్ పేరుతోనే మొదలవుతుంది. లైమన్ మంచిదా, ఆర్‌సీబీఎస్ మంచిదా, డబ్బు ఎక్కువైనా స్టార్‌కే పోవాలా? ఈ కేసు కూడా అలాగే మొదలైంది. కానీ లూబ్‌సైజర్, అంటే పోసిన బుల్లెట్‌ను సరైన కొలతకు నొక్కి లూబ్ (జిడ్డు మైనం) పట్టించే మెషిన్, వరుసలో చివర కొనాల్సిన వస్తువు. ముందు తుపాకీని కొలవాలి. బుల్లెట్ ఎంత వ్యాసంలో ఉండాలో చవక డైతో (బుల్లెట్‌ను దూర్చి నొక్కే ఉక్కు రంధ్రం) సైజ్ చేసి, కాల్చి తేల్చుకోవాలి. ఏ లూబ్ వాడతామో ఖాయం చేసుకోవాలి. అంతవరకు వచ్చాక మెషిన్ గురించి పెద్దగా వాదించుకోవడానికి ఏమీ మిగలదు. ఈ కేసులో ఆ వరుస స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

కేసు ఎవరిది, ఏం కావాలి

డల్లాస్‌కు ఉత్తరాన ఉండే తెలుగు దంపతులు. అతనిది కరీంనగర్ వైపు, ఆమెది గుంటూరు. ఇద్దరూ కౌబాయ్ యాక్షన్ షూటింగ్ (పాత కౌబాయ్ కాలపు తరహా తుపాకులతో ఆడేది) పోటీలకు వెళ్తారు. సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ నియమాల ప్రకారం నడిచే పోటీలు ఇవి. ఒక్కొక్కరికి రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు (ప్రతిసారీ సుత్తిని వేలితో వెనక్కి లాగాల్సినవి), పిస్టల్ క్యాలిబర్ లీవర్ రైఫిల్ (కింది మీట ఊపి రౌండ్ ఎక్కించేది) ఒకటి, షాట్‌గన్ ఒకటి కావాలి. రివాల్వర్‌లోనూ రైఫిల్‌లోనూ సీసం బుల్లెట్లే వాడాలి. రాగి జాకెట్ ఉన్నవి, గ్యాస్ చెక్ (బుల్లెట్ అడుగుకు పెట్టే చిన్న లోహపు టోపీ) తొడిగినవి ఒప్పుకోరు. వేగానికీ హద్దుంది: రివాల్వర్‌లో సెకనుకు 1000 అడుగులు, రైఫిల్‌లో 1400 అడుగులు దాటకూడదు.

వీళ్లు నాలుగు రివాల్వర్లనూ రెండు రైఫిళ్లనూ .38 స్పెషల్ రౌండ్‌తోనే కాలుస్తారు. ఇవి కాక అతనికి అడవి పందుల వేట కోసం .45-70 అనే పెద్ద రౌండ్ కాల్చే లీవర్ రైఫిల్ ఒకటి ఉంది. అది ఏడాదికి కొద్ది రౌండ్లే కాలుస్తుంది, కానీ దాని బుల్లెట్‌కు గ్యాస్ చెక్ కావాలి.

లెక్క చూస్తే, సాధారణంగా ఒక స్టేజ్‌కు (పోటీలో ఒక విడతకు) రివాల్వర్ రౌండ్లు 10, రైఫిల్ రౌండ్లు 10. ఆరు స్టేజ్‌ల పోటీ అంటే మనిషికి 120, ఇద్దరికీ 240. నెలకు రెండు పోటీలు, మధ్యలో ప్రాక్టీసు కలుపుకుంటే .38 బుల్లెట్లు నెలకు 800 దాకా కావాలి. అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చేవే: 125 గ్రెయిన్ల బరువు, ముక్కు చదునుగా ఉన్న బుల్లెట్.

ఇంకొక కోరిక ఆమెది. తర్వాతి సీజన్ నుంచి బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) విభాగంలో ఆడాలని ఉంది. అతను ఫోన్ చేసినప్పుడు ఈ మాట చివర్లో, పెద్ద విషయం కానట్టు చెప్పాడు. తీరా చూస్తే ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ బరువున్న మాట అదే.

అతను అడిగింది మాత్రం ఇది: "అన్నా, లైమన్ 4500 ఒకటి సెకండ్‌హ్యాండ్‌ల దొరుకుతున్నది. తీసుకోమంటవా?"

"తీసుకోవద్దని అనను గానీ, ముందు నీ తుపాకులు కొలుద్దాం తమ్ముడూ" అన్నాను. నేను హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ రూమ్ పని నేర్చుకున్నవాణ్ణి. అక్కడ కొలత తీయకుండా టూల్ ఆర్డర్ పెట్టడమనేది ఉండదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ అభిరుచిలోకి వచ్చే మనవాళ్లలో చాలామంది వీసా మీద ఉంటారు. హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ చట్టం దృష్టిలో విడి బుల్లెట్ కూడా అమ్యూనిషనే. ఈ దంపతులు గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టారు. సొంతానికి పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా అమ్యూనిషన్ తయారు చేయడం నేరం. కాబట్టి అక్కడ ఇంట్లో ఈ పని చేయాలనే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఆ మెషిన్ చేసే పని

అచ్చులోంచి వచ్చిన బుల్లెట్ కావాల్సినదానికన్నా ఒకటి రెండు థౌలు లావుగా ఉంటుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. లూబ్‌సైజర్ ఆ బుల్లెట్‌ను గట్టి ఉక్కు డైలోంచి నొక్కి సరైన వ్యాసానికి తెస్తుంది. అదే నొక్కులో డై గోడకున్న చిన్న రంధ్రాల నుంచి మైనం లాంటి లూబ్‌ను బుల్లెట్ చుట్టూ ఉన్న గాడిలోకి ఎక్కిస్తుంది. పని ఇంతే. సన్న బుల్లెట్‌ను లావు చేయడం దానివల్ల కాదు. అచ్చు .357 అంగుళాల బుల్లెట్ ఇస్తుంటే .358 డై దాన్ని తాకను కూడా తాకదు.

అందుకే మొదట అచ్చు ఏ కొలత ఇస్తోందో చూశాం. వాళ్ల మిశ్రమంతో .3595 నుంచి .360 వరకు వస్తోంది. ఒకటి రెండు థౌలు తగ్గించడానికి అది సరిపోతుంది. మూడు నాలుగు థౌలు తగ్గించాల్సి వస్తే బుల్లెట్ ఒక పక్కకు నలుగుతుంది, గాడులు మూసుకుపోతాయి. అప్పుడు మార్చాల్సింది అచ్చును.

కొలతలు

ఈ కేసులో ఎక్కువ శ్రమ పోయింది ఇక్కడే.

రివాల్వర్‌కు రెండు కొలతలు తీయాలి. సిలిండర్‌లో ప్రతి గది ముందు భాగం సన్నబడుతుంది. దాన్ని త్రోట్ అంటారు. ప్లగ్ గేజ్‌ల సెట్ (తెలిసిన వ్యాసాల ఉక్కు పిన్‌లు) ఉంటే ఏ పిన్ దూరుతోంది, ఏది ఆగిపోతోంది అని చూసి దాన్ని కొలవచ్చు. రెండోది బ్యారెల్ గ్రూవ్ వ్యాసం, అంటే బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడుల అడుగుల మధ్య కొలత. మెత్తటి స్వచ్ఛమైన సీసం ముక్కకు కొంచెం నూనె రాసి, ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా బ్యారెల్‌లోంచి తోసి, బయటికి వచ్చిన ముక్కను మైక్రోమీటర్‌తో కొలవాలి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోవాలి, సిలిండర్ తీసి పక్కన పెట్టాలి. డయల్ క్యాలిపర్‌తో ఈ పని కాదు. అర థౌ తేడాను అది నమ్మకంగా చూపించలేదు. ఇంకొక మాట: గ్రూవ్‌లు బేసి సంఖ్యలో ఉంటే, ఉదాహరణకు స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లలో ఐదు ఉంటాయి, మామూలు మైక్రోమీటర్ సరైన కొలత చూపదు. దానికి వీ ఆకారపు అన్విల్ ఉన్నది కావాలి.

అతని రెండు రివాల్వర్లలోనూ త్రోట్‌లు .358 నుంచి .3585, గ్రూవ్ .357. ఆమెవాటిలో ఒకటి అలాంటిదే. త్రోట్ గ్రూవ్ కన్నా కాస్త పెద్దదిగా ఉండడం సీసం బుల్లెట్‌కు చాలా మంచిది.

నాలుగోది వేరు. గ్రూవ్ .357 ఉంది, కానీ ఆరు త్రోట్‌లూ .3565 దగ్గరే ఆగిపోయాయి. దీని ఫలితం ఏమిటో ఊహించుకోండి. డైలో .358కి సైజ్ చేసిన బుల్లెట్ పేలిన క్షణంలో త్రోట్‌లో పడి .3565కి నలుగుతుంది. ఆ తర్వాత దానికన్నా వెడల్పైన బ్యారెల్‌లోకి వదులుగా వెళ్తుంది. వెనకనుంచి వేడి గ్యాస్ పక్కల గుండా దూసుకుపోతుంది, సీసాన్ని కోసి బ్యారెల్ గోడకు పూస్తుంది. "ఈ ఒక్క రివాల్వర్‌లోనే సీసం అంటుకుంటోంది అన్నయ్యా, ప్రతి పోటీ తర్వాత గంటసేపు బ్రష్ పట్టాల్సి వస్తోంది" అని ఆమె అప్పటికే చెప్పి ఉంది. ఫోర్సింగ్ కోన్ (బ్యారెల్ మొదట్లోని గరాటు భాగం) దాటిన వెంటనే మొదటి అంగుళంలోనే సీసం పేరుకుంటోంది. బుల్లెట్ సన్నగా ఉన్నప్పుడు సరిగ్గా అక్కడే పేరుకుంటుంది. లూబ్ చాలకపోతే అది బ్యారెల్ చివరి భాగంలో కనిపిస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం రోగనిర్ణయం అయినట్టే.

వాళ్లకు అంతకుముందు అందిన సలహా గట్టి మిశ్రమం వాడమని. సీసం గట్టిదైతే అంటుకోదన్న నమ్మకం మనవాళ్లలో బాగా ఉంది. .38 స్పెషల్ ఒత్తిడి తక్కువ. బుల్లెట్ మరీ గట్టిదైతే ఆ ఒత్తిడికి వెనక భాగం ఉబ్బి గ్రూవ్‌ను మూయలేదు, పరిస్థితి ఇంకా పాడవుతుంది. స్వచ్ఛమైన సీసం బ్రినెల్ కాఠిన్యం 5 దగ్గర ఉంటుంది, పాత చక్రాల బరువుల (కారు చక్రాల బ్యాలెన్స్ కోసం బిగించే సీసం ముక్కల) మిశ్రమం 11-12 దగ్గర, లైమన్ నంబర్ 2 మిశ్రమం 15 దగ్గర. లైమన్ నంబర్ 2 అంటే 90 శాతం సీసం, 5 తగరం, 5 ఆంటిమొనీ. కౌబాయ్ వేగాలకు చక్రాల బరువుల మిశ్రమం సరిపోతుంది, దానికన్నా మెత్తనిదైనా నడుస్తుంది.

ఆ రివాల్వర్‌ను గన్‌స్మిత్‌కు ఇచ్చి త్రోట్‌లు .358కి రీమ్ చేయించాం, అంటే లోపల గీకి వెడల్పు చేయించాం. ఆ పని కాకముందే మెషిన్ కొని ఉంటే, ఎంత ఖరీదైనదైనా, ఆ రివాల్వర్ మాత్రం సీసం పూసుకుంటూనే ఉండేది, తప్పు మెషిన్ మీద పడేది.

రైఫిళ్లలో ఒకదాని గ్రూవ్ .3575, ఇంకోదానిది .358.

చవక డైతో పరీక్ష

లీ కంపెనీ పుష్-త్రూ సైజింగ్ డై మామూలు రీలోడింగ్ ప్రెస్‌లో (రౌండ్లు నింపుకునే చేతి యంత్రంలో) బిగుస్తుంది. బుల్లెట్ ముక్కు ముందుగా, కింది నుంచి తోస్తే పైనున్న డబ్బాలో పడుతుంది. అది లూబ్ ఎక్కించదు, సైజ్ మాత్రమే చేస్తుంది. లూబ్‌సైజర్లతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. దీన్ని చాలామంది డబ్బు లేనివాళ్ల మెషిన్‌గా చూస్తారు. నేను దాన్ని కొలత సాధనంగా చూస్తాను. ఖరీదైన మెషిన్‌కు ఏ డై ఆర్డర్ పెట్టాలో అది చెబుతుంది.

.358 డైలు రెండు తెచ్చి ఒకదాన్ని అలాగే ఉంచాం. రెండోదాన్ని చీల్చిన కర్రకు సన్నటి ఎమరీ కాగితం చుట్టి, కొంచెం కొంచెంగా పాలిష్ చేసి .359కి తెచ్చాను. రెండు సైజుల బుల్లెట్లకూ చేత్తో లూబ్ పెట్టి, ఒకే లోడ్‌తో ఆరు తుపాకుల్లోనూ కాగితం మీద కాల్చారు.

గ్రూవ్ .358 ఉన్న రైఫిల్‌లో .359 కొంచెం దగ్గర గుంపు ఇచ్చింది, అంటే కాగితం మీద రంధ్రాలు ఇంకా దగ్గరగా పడ్డాయి. మిగతా రైఫిల్‌లో తేడా లేదు. రివాల్వర్లలో .359 రౌండ్లు కొన్ని గదుల్లోకి తేలిగ్గా జారలేదు, వేలితో నెట్టాల్సి వచ్చింది. వంతు దగ్గరపడి లోడింగ్ టేబుల్ దగ్గర రౌండ్లు ఎక్కిస్తున్నప్పుడు అది టెన్షన్ పెట్టే విషయం. పోటీలో రైఫిల్‌కు ఒక రౌండ్, రివాల్వర్‌కు ఒక రౌండ్ అని వేరు చేసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు కలిసిపోతాయి. .358తో రైఫిల్‌లో సీసం అంటుకోలేదు, గుంపు కూడా కౌబాయ్ టార్గెట్ల దూరానికి కావాల్సినదానికన్నా మెరుగ్గానే ఉంది. అన్నిటికీ .358 అని ఖాయం చేశాం.

ఒకే అచ్చు, ఒకే సైజు, నెలకు 800. ఈ వాక్యం కాగితం మీద పడ్డాక మెషిన్ వైపు దారి సగం కనిపించింది. మిగతా సగం లూబ్ చూపించింది.

లూబ్

ఆమె బ్లాక్ పౌడర్ మాటకు ఇక్కడ వస్తున్నాను.

స్మోక్‌లెస్ పౌడర్‌కు (ఇప్పటి పొగ తక్కువ మందుకు) పేరున్న పాత లూబ్ అంటే ఆలాక్స్ అనే జిడ్డు, తేనెమైనం సగం సగం కలిపిన మిశ్రమం. ఆలాక్స్ పెట్రోలియం ఆధారితమైనది. బ్లాక్ పౌడర్ కాలితే బ్యారెల్ నిండా మసి మిగులుతుంది. ఆ మసికి పెట్రోలియం తగిలితే తారులాగా గట్టిపడుతుంది. అక్కడ కావాల్సింది మసిని మెత్తగా, తడిగా ఉంచే లూబ్: తేనెమైనం, వెజిటబుల్ షార్ట్‌నింగ్, కాస్త నూనె కలిపినది, లేదా ఎస్‌పీజీ లాంటి రెడీమేడ్ లూబ్.

రివాల్వర్ చిన్న బ్యారెల్‌కు కొంచెం లూబ్ చాలు. లీవర్ రైఫిల్ బ్యారెల్ చాలా పొడవు. లూబ్ దారిలోనే అయిపోతే చివరి కొన్ని అంగుళాల్లో మసి ఎండి గట్టిపడుతుంది, పది పదిహేను రౌండ్లకే గుంపు చెదురుతుంది. చాలినంత లూబ్ ఉందా లేదా తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. కాల్చాక బ్యారెల్ మూతి మీద చూడాలి. గ్రూవ్‌ల ఆకారంలో నక్షత్రంలాగా జిడ్డు మరక కనిపిస్తే లూబ్ చివరిదాకా వచ్చినట్టు. పొడిగా ఉంటే రాలేదు. వాళ్ల అచ్చులో గాడి సన్నది. రివాల్వర్‌లో నక్షత్రం కనిపించింది, రైఫిల్‌లో కనిపించలేదు. బ్లాక్ పౌడర్ కోసం పెద్ద గాడి ఉన్న అచ్చు వేరే కొనాలని నేను గట్టిగా చెప్పాను, కొన్నారు. బరువు దాదాపు అంతే, ముక్కు చదునుదే, గాడి మాత్రం లోతు.

పౌడర్ కోటింగ్ గురించి వాళ్లు అడిగారు. పాలియెస్టర్ పౌడర్‌లో బుల్లెట్లను ఆడించి, వంటకు వాడని ఓవెన్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 20 నిమిషాలు కాల్చి, పుష్-త్రూ డైలో సైజ్ చేస్తే లూబ్ అవసరమే ఉండదు, లూబ్‌సైజర్ అవసరమూ ఉండదు. స్మోక్‌లెస్ మాత్రమే వాడే మనిషికి ఈ రోజుల్లో నేను మొదట చెప్పేది అదే. పొగ తక్కువ, చేతికి జిడ్డు అంటదు. కానీ బ్లాక్ పౌడర్ మసిని మెత్తబరిచే గుణం ఆ పూతకు లేదు. ఆమె కోరిక నిలవాలంటే లూబ్ తప్పదు.

రెండు పౌడర్లకు రెండు లూబ్‌లు పెట్టుకుంటే, లూబ్ మార్చిన ప్రతిసారీ మెషిన్ రిజర్వాయర్ అంతా కడగాలి. అది ఎవరూ రెండోసారి చేయాలనుకోని పని. వాళ్ల వేగాలు తక్కువ కాబట్టి మెత్తటి బ్లాక్ పౌడర్ లూబే స్మోక్‌లెస్‌కూ పనిచేస్తుంది. పరీక్షించాం, పనిచేసింది. ఇంట్లో ఒకటే లూబ్ అని నిర్ణయించాం. దీనితో ఇంకో లాభం: గట్టి లూబ్‌లు పారడానికి మెషిన్ కింద హీటర్ పెట్టాలి, మెత్తటి లూబ్‌కు టెక్సస్‌లో చాలా నెలలు అది అక్కర్లేదు. ఆగస్టులో గరాజ్ వేడికి లూబ్ పెట్టిన బుల్లెట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకని లూబ్ నింపినవి ఇంటి లోపల, అల్మరాలో, పిల్లలకు అందని చోట పెట్టమన్నాను.

మెషిన్లు

లైమన్ 4500, ఆర్‌సీబీఎస్ లూబ్-ఎ-మ్యాటిక్ 2, రెండూ ఒకే పద్ధతి. బుల్లెట్‌ను డై మీద నిలబెడతారు, పైనున్న పంచ్ (నొక్కే కడ్డీ) దాని ముక్కు మీద నొక్కి కిందికి దింపుతుంది. లూబ్ ఎక్కుతుంది, లీవర్ పైకి ఎత్తితే బుల్లెట్ వచ్చిన దారినే పైకి వస్తుంది. మధ్యమధ్య రాట్చెట్ తిప్పి లూబ్ ఒత్తిడి పెంచుకోవాలి. ఒక కంపెనీ డై, పంచ్ ఇంకో కంపెనీ మెషిన్‌లో సరిపోతాయి. ఇది వాడుకలో చాలా పెద్ద సౌకర్యం, పాత డైలు ఎక్కడైనా దొరుకుతాయి. సేకో కూడా ఇదే పద్ధతి, కానీ దాని డైలు వేరు.

ఈ పద్ధతికి ఉన్న గొప్ప బలం, రకరకాల బుల్లెట్లకు తేలిగ్గా మారడం. గాడి ఎక్కడున్నా లోతు స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు. నెలకు ఐదు క్యాలిబర్లు, ఒక్కోటి యాభై వంద చొప్పున పోసే మనిషికి నేను కళ్లు మూసుకుని ఇదే చెబుతాను. లోపం, బుల్లెట్ ముక్కు ఆకారానికి సరిపోయే పంచ్ ఉండాలి. లేకపోతే ముక్కు నలుగుతుంది, బుల్లెట్ కాస్త వంకరగా దిగుతుంది. చదును పంచ్‌లో ఎపాక్సీ పోసి, బుల్లెట్ ముక్కుకు పల్చగా మైనం రాసి అందులో అచ్చు తీస్తే ఆ ఇబ్బంది పోతుంది. ఇంకోటి, ఒత్తిడి ఎక్కువైతే లూబ్ బుల్లెట్ కింది భాగానికి పాకుతుంది, అది పౌడర్‌కు తగలకుండా ప్రతిదాన్నీ తుడవాలి.

స్టార్ వేరే పద్ధతి. ఇప్పుడు దాన్ని మాగ్మా ఇంజినీరింగ్ తయారు చేస్తుంది. బుల్లెట్‌ను ముక్కు కిందికి పెడితే చదును పంచ్ దాని బేస్ (అడుగు భాగం) మీద నొక్కుతుంది. తర్వాతి బుల్లెట్ ముందుదాన్ని నెట్టేస్తే అది కింద డబ్బాలో పడుతుంది. వెనక్కి రావడం లేదు. ఒక చెయ్యి బుల్లెట్ పెడుతుంటే ఇంకో చెయ్యి లీవర్ దించుతుంది. ముక్కుకు సరిపోయే పంచ్ గొడవ లేదు. బేస్ మీద నొక్కుతుంది కాబట్టి బుల్లెట్ తిన్నగా, నడిమధ్యగా సైజ్ అవుతుంది. టూల్ రూమ్ మనిషిగా నాకు ఈ మెషిన్ మీద ఉన్న గౌరవం ముఖ్యంగా ఇందుకే.

దాని ఇబ్బంది డై దగ్గర ఉంది. స్టార్ డైకి చుట్టూ వరుసలుగా రంధ్రాలుంటాయి. మన బుల్లెట్ గాడికి ఎదురుగా ఉన్న వరుస మాత్రమే తెరిచి, మిగతావి మూయాలి. సన్నటి సీసం షాట్ గింజలు కొట్టి మూస్తారు. బుల్లెట్ మారితే ఆ పని మళ్లీ చేయాలి, లేదా ఆ బుల్లెట్‌కు వేరే డై పెట్టుకోవాలి. రకాలు ఎక్కువైన మనిషికి ఇది విసుగు. ఒకే బుల్లెట్‌ను నెలనెలా వందలకొద్దీ చేసే ఇంటికి ఇది ఒక్కసారి చేసి మరిచిపోయే పని.

వేగం విషయానికి వస్తే, నా చేతి మీద లైమన్ గంటకు రెండు వందల దగ్గర నడుస్తుంది. అంటే వీళ్ల నెల కోటాకు నాలుగు గంటలు. స్టార్ మీద అది గంటన్నరలోపు అయిపోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నెలకు రెండున్నర గంటలు మిగలడం వాళ్లకు నిజంగా విలువైనది.

.38కి స్టార్ తీసుకోమన్నాను. సెకండ్‌హ్యాండ్ లైమన్‌ను వదిలేయమన్నాను.

"మరి .45-70కి ఏం చేద్దామన్నా? దానికి స్టార్ డై ఇంకోటి కొనాల్నా?" అని అడిగాడు. ఏడాదికి ఆ కొద్ది బుల్లెట్ల కోసం అక్కర్లేదు. ఆ రైఫిల్ గ్రూవ్ .458. దగ్గరి సైజు పుష్-త్రూ డై ఒకటి తీసుకుని .459కి పాలిష్ చేశాను. బుల్లెట్ వెనక గ్యాస్ చెక్ తొడిగి ఆ డైలోంచి తోస్తే చెక్ గట్టిగా పట్టుకుంటుంది. తోసే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి లిక్విడ్ ఆలాక్స్ పల్చగా పట్టిస్తే చాలు. పల్చగా అనేది ముఖ్యం, చిక్కగా పూస్తే వారం రోజులైనా ఆరదు. ఆ రైఫిల్‌లో ఎప్పుడూ స్మోక్‌లెస్ పౌడరే కాబట్టి ఆలాక్స్‌తో అభ్యంతరం లేదు. అయితే ఆలాక్స్ డబ్బా, బ్లాక్ పౌడర్ లూబ్ కర్రలు ఒకే అరలో పెట్టొద్దని చెప్పాను.

బిగింపు, సర్దుబాటు

బెంచి కదిలితే డై తిన్నగా ఉండదు. వాళ్ల బెంచి పలక సన్నది. కింద మందపాటి చెక్క పలక ఒకటి వేసి బోల్టులు దానిగుండా దించాం.

పెద్ద గాడి బుల్లెట్ కోసం ఒకే వరుస రంధ్రాలు సరిపోలేదు, గాడి పై భాగం నిండలేదు. పక్క వరుస కూడా తెరిచాక నిండింది. పంచ్ లోతును కొంచెం కొంచెంగా మార్చుకుంటూ, లూబ్ గాడిలోనే ఆగి బేస్ మీదికి రాకుండా చూసుకున్నాం. ఒత్తిడి స్ప్రింగ్‌ను తక్కువ నుంచి మొదలుపెట్టి పెంచుకోవాలి, ఎక్కువ నుంచి తగ్గించకూడదు. ఎక్కువైన లూబ్ డై చుట్టూ చేరి, ఎక్కడ లీక్ అవుతోందో తెలియకుండా గంటలు తినేస్తుంది. స్టార్‌కు మధ్యలో బోలు లేని నిండు కర్ర లూబ్ కావాలి, మధ్యలో బోలుగా ఉండే కర్రలు లైమన్, ఆర్‌సీబీఎస్‌లవి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఇది చూసుకోవాలి. జనవరి చలికి లూబ్ కాస్త బిగుసుకుంది. వీళ్లు హీటర్ కొనకుండా, పని మొదలుపెట్టే ముందు మెషిన్ మీద హెయిర్ డ్రయ్యర్ కాసేపు పెడుతున్నారు. అప్పుడప్పుడైతే అది చాలు.

పిల్లలున్న ఇల్లు కాబట్టి సీసం గురించి నేను ఏమాత్రం మొహమాటపడలేదు. సైజింగ్‌లో పొగ రాదు, కానీ చేతులకు, బట్టలకు సీసం అంటుతుంది. బెంచి దగ్గర తినడం, తాగడం లేదు. పనిబట్టలు, చెప్పులు గరాజ్‌లోనే ఉంటాయి. పని కాగానే చన్నీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడుక్కోవాలి. బెంచిని తడిగుడ్డతో తుడవాలి, ఊడవకూడదు. ఇద్దరూ, పిల్లలూ ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. పిల్లల విషయంలో అమెరికా సీడీసీ 2021లో హెచ్చరిక స్థాయిని డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు దించింది. వాళ్ల పరీక్షలు ఇప్పటివరకు బాగానే వచ్చాయి.

ఒక సీజన్ తర్వాత

రీమ్ చేయించిన రివాల్వర్‌లో సీసం అంటుకోవడం ఆగిపోయింది. పోటీ తర్వాత దానికీ మిగతావాటిలాగే తుడిచే రెండు గుడ్డ ప్యాచ్‌లతో సరిపోతోంది. బ్లాక్ పౌడర్‌తో ఆమె రైఫిల్ మూతి మీద జిడ్డు నక్షత్రం వస్తోంది, ఆరు స్టేజ్‌లూ మధ్యలో తుడవకుండా నడుస్తోంది. సన్న గాడి పాత అచ్చును అతను స్మోక్‌లెస్‌కు వాడదామనుకున్నాడు. కానీ రెండు బుల్లెట్లకు స్టార్ డై రంధ్రాలు మార్చడం ఇష్టంలేక ఇద్దరూ పెద్ద గాడి బుల్లెట్‌కే వచ్చేశారు. నా ఉద్దేశంలో అది సరైన పని.

ఇప్పుడు ఆమెకు .45 కోల్ట్ రివాల్వర్ల జత మీద మనసైంది, బ్లాక్ పౌడర్ పొగ .38లో చాలడం లేదట. జత ఇంటికి వచ్చింది. అతను అప్పుడే .452 స్టార్ డై ఆర్డర్ పెట్టబోతుంటే ఆపాను. ఈ క్యాలిబర్‌లో కొన్ని రివాల్వర్ల త్రోట్‌లు .450 దగ్గర బిగుతుగా వస్తుంటాయి. వచ్చే శనివారం పిన్ గేజ్‌లు తీసుకుని వెళ్తున్నాను, పన్నెండు గదులూ కొలిచాక డై సంగతి చూస్తాం.